తొంభై తొమ్మిది అంటే ఎంత?

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజర్ బండి పొద్దున్నే బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. యాభైకి పైగా సొరంగాల్లో దూరి, బొర్రా, అరకు, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్, దంతెవాడ, బచేలి మీదుగా సుమారు 470 కిలోమీటర్లు నడిచి, చీకటి పడ్డాక గానీ కిరండూల్ చేరదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. ఖనిజం కిందికి దిగింది, మనుషులు పైకెక్కారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి గనుల పనికి వెళ్లి అక్కడే క్వార్టర్స్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కిరండూల్లోనూ బచేలీలోనూ ఎన్నో ఉన్నాయి. సంక్రాంతికి ఇటు వచ్చేవాళ్లు, కనుమ మర్నాడు అటు వెళ్లేవాళ్లు ఈ బండినే నమ్ముకుంటారు.

ఫోన్ చార్జింగ్ లెక్క నేర్చుకోవడానికి ఈ ప్రయాణాన్ని మించిన పరీక్ష నాకు కనిపించలేదు. రోజంతా పడుతుంది. రద్దీలో చార్జింగ్ సాకెట్ మన సీటు దగ్గర ఉంటుందన్న భరోసా లేదు. పోనీ రాత్రి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే నిద్రపోయేటప్పుడు పెట్టుకోవచ్చు కదా అంటారా? అగ్ని ప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా బోగీల్లో చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపాలన్న రైల్వే నిబంధన 2021లో బాగా వార్తల్లోకి వచ్చింది. దాన్ని లెక్కలో వేసుకోవాల్సిందే. భద్రతా కారణాలవల్ల ఒక్కోసారి బండిని దంతెవాడలోనే ఆపేస్తారు. అక్కణ్ణుంచి బస్సో జీపో చూసుకోవాలి. ఆ రాత్రివేళ టికెట్టు ఫోన్‌లోనే, డబ్బులు ఫోన్‌లోనే, "ఇదిగో దిగాను" అని చెప్పాల్సిన మనిషి నంబరూ ఫోన్‌లోనే ఉంటాయి.

కొత్తవలస ప్లాట్‌ఫారం మీద ఒక తల్లీ కొడుకూ ఇలా మాట్లాడుకుంటున్నారనుకోండి.

"చార్జింగ్ ఎంతుందిరా?"

"నలభై ఉందమ్మా."

"నలభై అంటే, ఎందాకా వస్తాదిరా?"

"వస్తాదిలేమ్మా."

"అరకు దాకానా, జగదల్‌పూర్ దాకానా? సరిగ్గా సెప్పు."

కొడుకు సరిగ్గా చెప్పలేడు. చదువుకున్నవాళ్లలోనూ చాలామంది చెప్పలేరు. ఫోన్ మూలన కనిపించే అంకెను చదవడం అందరికీ వచ్చు. దాన్ని గంటల్లోకీ స్టేషన్లలోకీ మార్చడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ అధ్యాయం ఆ తల్లి అడిగిన ప్రశ్న గురించి.

ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. బ్యాటరీలో ఎంత మిగిలిందో నేరుగా చూసి చెప్పే సాధనం ఏదీ ఫోన్‌లో లేదు. ఉన్నదల్లా అంచనా. దానికి రెండు ఆధారాలున్నాయి.

మొదటిది వోల్టేజీ. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులో, కొత్త రకాల్లో అంతకు కాస్త ఎక్కువో చూపిస్తుంది. ఖాళీ అయ్యేసరికి మూడు వోల్టుల చిల్లరకి పడిపోతుంది. అలాంటప్పుడు వోల్టేజీ చూసి మిగిలింది చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. చిక్కు మధ్యలో ఉంది. ఆ రసాయనం స్వభావం ఎలాంటిదంటే, దాదాపు సగం ప్రయాణం పాటు వోల్టేజీ 3.7, 3.8 దగ్గరే తచ్చాడుతుంది. అక్కడ ఒక చిన్న తేడా పది శాతం చార్జికి సమానం కావచ్చు. పైగా కెమెరా ఫ్లాష్ వెలిగితేనో, ఫోన్ దూరపు టవర్‌ని అందుకోవడానికి గట్టిగా ప్రయత్నిస్తేనో ఆ క్షణానికి వోల్టేజీ కిందికి జారి మళ్లీ లేస్తుంది. ఏ క్షణంలో చూశామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

రెండో ఆధారం జమాఖర్చు. బ్యాటరీలోంచి కరెంటు వెళ్లే దారిలో అతి చిన్న రెసిస్టర్ ఒకటి పెడతారు. దాని మీదుగా ఎంత కరెంటు లోపలికి పోయింది, ఎంత బయటికొచ్చింది అని ఒక చిప్ క్షణక్షణం కూడుతూ తీసేస్తూ ఉంటుంది. ఇది వోల్టేజీ కంటే నమ్మకమైనదే, కానీ ప్రతి కొలతలోనూ ఇసుమంత పొరపాటు ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అవన్నీ పోగుపడతాయి. బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడు, లేదా పూర్తిగా ఖాళీ అయినప్పుడు, చిప్ తన లెక్కను మళ్లీ మొదటికి సరిచేసుకుంటుంది. ఎప్పుడూ ముప్ఫైకీ డెబ్భైకీ మధ్యే తిరిగే ఫోన్‌కి ఆ అవకాశం దొరకదు. నెలల తరబడి అలా వాడిన ఫోన్ 22 చూపిస్తూ చూపిస్తూ టప్పున 9కి పడటం అందుకే.

మంచి ఫోన్లు ఈ రెండు ఆధారాల్నీ కలిపి, ఉష్ణోగ్రతనూ బ్యాటరీ వయసునూ చేర్చి ఒక అంకె తేలుస్తాయి. ఎంత చేసినా అది ఊహే, కాకపోతే శ్రద్ధగా చేసిన ఊహ.

ఇంకో మెలిక కూడా ఉంది. 100 శాతం అంటే దేనికి నూరు? ఫోన్ కొన్నప్పుడు ఉన్నదానికి కాదు, ఇవాళ ఆ బ్యాటరీ పట్టగలిగినదానికి. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ వాడగా వాడగా 4,000కి తగ్గిందనుకోండి. రాత్రంతా పెడితే అదీ 100 అనే చూపిస్తుంది. దాని సగం 2,000. కొత్తలో అది నలభై శాతం కింద లెక్క. ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి ఫోన్లలో యాభై యాభై ఉన్నా, ఒకరిది జగదల్‌పూర్ దాకా వచ్చి ఇంకొకరిది కోరాపుట్‌లోనే చేతులెత్తేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

హైదరాబాద్ పెట్టె, బస్తర్ బూత్

అంకె ఎక్కడ మాట్లాడుతుందో, ఎక్కడ ఊరుకుంటుందో తెలుసుకోవడానికి మన దేశంలో ఒక చక్కటి ఉదాహరణ ఉంది. ఓటింగ్ యంత్రం.

మన ఈవీఎంలను తయారు చేసేవి రెండే సంస్థలు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఒకటి, బెంగళూరులోని బీఈఎల్ రెండోది. వీటికి కరెంటు ప్లగ్గు ఉండదు. కంట్రోల్ యూనిట్‌లో 7.5 వోల్టుల ఆల్కలైన్ పవర్ ప్యాక్ పెడతారు. ఓటు చీటీ చూపించే వీవీప్యాట్‌కి వేరేగా 22.5 వోల్టుల ప్యాక్ ఉంటుంది. కరెంటు స్తంభం లేని ఊళ్లోనూ పోలింగ్ జరగాలి కాబట్టి ఆ ఏర్పాటు. బస్తర్‌లో ఎన్నో పోలింగ్ బూత్‌లకి సిబ్బందిని హెలికాప్టర్లలో దింపుతారు, అక్కణ్ణుంచి నడిచి వెళ్లేవాళ్లూ ఉంటారు. కిరండూల్ ఉన్న బస్తర్ లోక్‌సభ నియోజకవర్గానికి 2024 ఏప్రిల్ 19న పోలింగ్ జరిగింది, లెక్కింపు జూన్ 4న. నలభై ఆరు రోజులు స్ట్రాంగ్ రూమ్‌లో పడి ఉన్న పెట్టెను ఆ రోజు స్విచ్ వేస్తే పలకాలి.

ఆ పెట్టె తెర మీద బ్యాటరీ శాతం కనిపిస్తుంది. 2024 అక్టోబరులో హర్యానా ఎన్నికల లెక్కింపు తర్వాత ఈ అంకె మీద పెద్ద రచ్చే జరిగింది. రోజంతా పోలింగ్‌కి వాడిన యంత్రాలు కొన్ని లెక్కింపు నాడు కూడా 99 శాతం ఎలా చూపిస్తాయని కాంగ్రెస్ పార్టీ అభ్యంతరం చెప్పింది. ఆ రాజకీయం ఈ పుస్తకం పని కాదు. ఎన్నికల సంఘం ఇచ్చిన వివరణలోని కొలత తీరు మాత్రం మనకి కావాలి. కొత్త ప్యాక్ వోల్టేజీ ఏడున్నరకీ ఎనిమిదికీ మధ్య ఉంటుంది. అది 7.4 వోల్టుల కంటే పైన ఉన్నంతసేపూ తెర మీద 99 అనే వస్తుంది. 7.4 కిందికి దిగాకే 98, 97 అంటూ అంకె కదలడం మొదలవుతుంది. అలా దిగి పదికి చేరాక బ్యాటరీ మార్చమని హెచ్చరిస్తుంది. 5.8 వోల్టుల పైన ఉన్నంతవరకూ యంత్రం నడుస్తూనే ఉంటుంది.

అంటే ఆ 99 ఒక బిందువు కాదు, ఒక పెద్ద మైదానం. ఆ మైదానంలో పెట్టె ఎక్కడుందో తెర చెప్పదు. "ఇప్పట్లో మార్చక్కర్లేదు" అన్నంతవరకే దాని మాట. నాకైతే ఇది తెలివైన ఏర్పాటనిపిస్తుంది. ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి కావలసింది 7.8కీ 7.6కీ తేడా కాదు. ఎప్పుడు మార్చాలో తెలిస్తే ఆయనకి చాలు. మార్చే వేళ దగ్గరపడే చోటనే అంకె కదులుతుంది.

దీనికి సరిగ్గా తలకిందులుగా పనిచేసే పరీక్ష ఒకటి మన ఇళ్లలోనే జరుగుతుంది. టార్చిలైట్ పెన్సిల్ సెల్‌ని నిలువుగా అంగుళం ఎత్తునుంచి బల్ల మీద వదులుతారు. కొత్తదైతే దబ్బున పడి అక్కడే నిలబడుతుంది, వాడినదైతే గెంతుతుంది. ఇది ఉత్త నమ్మకమేం కాదు. ఆల్కలైన్ సెల్‌లో జింక్ ముద్ద వాడకంలో జింక్ ఆక్సైడ్‌గా మారి గట్టిపడుతుంది, అందుకే ఎగురుతుంది. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో దీన్ని కొలిచి చూశారు. తేలిందేమిటంటే, సగం చార్జి పోయేసరికే గెంతు దాదాపు గరిష్ఠానికి చేరిపోతుంది. ఆ తర్వాత ఎంత ఖాళీ అయినా అంతే గెంతుతుంది. గెంతని సెల్ కొత్తదని ధైర్యంగా చెప్పొచ్చు. గెంతే సెల్ అయిపోయిందని చెప్పలేం, అందులో ఇంకా సగం ఉండొచ్చు. ఎన్ని మంచి సెల్స్ ఈ పరీక్షలో తప్పి చెత్తబుట్టలో పడ్డాయో!

ఈవీఎం అంకె పై భాగంలో మూగ, సెల్ గెంతు కింది భాగంలో మూగ. ఏ కొలతకైనా అది స్పష్టంగా మాట్లాడే చోటు ఒకటుంటుంది. మీ చేతిలోని వస్తువుది ఏ చోటో ముందు కనిపెట్టాలి. నాలుగు దీపాల పవర్ బ్యాంక్ అయితే దీపం ఆరే క్షణమే దాని మాట, మధ్యలో చెప్పేదేమీ లేదు. ల్యాప్‌టాప్ "ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలు" అంటే, గత కొద్ది నిమిషాల వాడకం ఇలాగే సాగితే అని అర్థం. సినిమా పెట్టగానే అది గంటన్నర అయిపోతుంది. మరి ఫోన్? నిండా చార్జి చేసి తీసిన కాసేపటికి దాని మాట బాగా నమ్మొచ్చు. మధ్యలో పర్వాలేదు. ఇరవై కిందికి దిగాక, ముఖ్యంగా పాత ఫోన్‌లో, నమ్మడం ప్రమాదం.

ఎందుకంటే బ్యాటరీ పాతబడితే లోపలి నిరోధం పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ ఉన్నపళంగా కూలిపోతుంది. ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. లోపల చార్జి ఉంటుంది, బయటికి మాత్రం రాదు. 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకున్నది ఇదే. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లు ఇలా హఠాత్తుగా ఆరిపోకుండా ఉండటానికి వాటి వేగాన్ని తామే తగ్గించామని ప్రకటించి, జనాగ్రహం చూసి, మరుసటి ఏడాదిలో బ్యాటరీ ఆరోగ్యం చూపించే పేజీని ఫోన్‌లో చేర్చింది. ఐఫోన్ ఉన్నవాళ్లు ఆ పేజీ చూసుకోవచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ సెట్టింగ్స్‌లో ఉంటుంది. విండోస్ ల్యాప్‌టాప్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కన ఉంటాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే మీ నూరు ఇప్పుడు ఎంతో తెలుస్తుంది.

గ్యాస్ బండ లెక్క

మన అమ్మలు గ్యాస్ సిలిండర్‌లో ఎంత మిగిలిందో ఎలా చెప్పేవారు? దానికి ముల్లూ లేదు, అంకే లేదు. కొత్త బండ బిగించిన రోజు క్యాలెండర్ మీద ఆ తేదీ పక్కన "గ్యాస్" అని రాసేవారు. మామూలు నెలలో ఎన్నాళ్లొస్తుందో వాళ్లకి తెలుసు. చుట్టాలొస్తే ఎన్ని రోజులు తగ్గుతుందో, కార్తీక మాసంలో ఎన్ని రోజులు మిగులుతుందో కూడా తెలుసు. ఏ కొలతా లేకుండా, "శుక్రవారం దాకా వస్తుంది, ఇప్పుడే బుక్ చెయ్యి" అనేవారు. ఫోన్‌కి చెయ్యాల్సిందీ అదే.

ఒక ఆదివారం దీనికి కేటాయించండి. ఫోన్ నిండా చార్జి చేసి, మూడు రకాల పనులు గంట చొప్పున చేసి చూడండి. మొదటి గంట ఫోన్‌ని ముట్టుకోకుండా జేబులో ఉంచండి. రెండో గంట మాటలు, వాట్సాప్. మూడో గంట వీడియో. ప్రతి గంట మొదట్లోనూ చివర్లోనూ శాతం కాగితం మీద రాసుకోండి. ఒక్కటే జాగ్రత్త. 100 నుంచి 97 దాకా చాలా ఫోన్లు నెమ్మదిగా దిగుతాయి, ఆ ముక్కని లెక్కలోకి తీసుకోవద్దు. 90 దగ్గర మొదలుపెట్టి 50 దగ్గర ఆపితే ఒక్కో పనికి గంటకి అయ్యే సరైన ధరలు వస్తాయి.

ఉదాహరణకి మీ ఫోన్‌కి ఇలా తేలిందనుకుందాం. ఊరికే ఉంటే గంటకి 2, మాటలకీ వాట్సాప్‌కీ 9, వీడియోకి 12. ఇప్పుడు కిరండూల్ ప్రయాణానికి పద్నాలుగు గంటలు అనుకోండి. పది గంటలు జేబులో ఉంటే 20. రెండు గంటల మాటలకి 18. రెండు గంటల వీడియోకి 24. మొత్తం 62. నూటితో బయల్దేరితే 38 మిగలాలి, హాయిగా ఉంది కదా!

లేదు. ఆ ధరలు ఇంట్లో, టవర్ పక్కన కొలిచినవి. అరకు ఘాట్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సొరంగంలో దూరిన ప్రతిసారీ ఫోన్ టవర్ కోసం వెతుకుతుంది. బయటికొచ్చాక దూరపు టవర్‌ని అందుకోవడానికి తన రేడియోను గరిష్ఠ శక్తితో వాడుతుంది. ఆ వెతుకులాట మీకు కనిపించదు, వినిపించదు, చార్జి మాత్రం తింటుంది. అందుకని కొండ దారికి, అడవి దారికి ఒకటిన్నర రెట్లు వేసుకోండి. 62 కాస్తా 93 అవుతుంది. మిగిలేది ఏడు.

ఇక్కడ ఒక చిన్న మార్పు చేయండి. వీడియోలు ముందురోజే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని, రైల్లో ఫ్లైట్ మోడ్ పెట్టి చూడండి. టవర్ వెతుకులాట లేదు కాబట్టి ఆ 24కి హెచ్చింపు ఉండదు. మిగతా 38కే ఒకటిన్నర రెట్లు, అంటే 57. రెండూ కలిపితే 81. కిరండూల్లో దిగేసరికి చేతిలో 19 ఉంటుంది. చూసిన సినిమాలూ మాట్లాడిన మాటలూ అవే. బొర్రా నుంచి అరకు దాకా ఎలాగూ మాట తెగిపోతూనే ఉంటుంది, "హలో, హలో" అనుకోవడానికి చార్జి తగలేసుకోవడం దేనికి?

వాడకం మారితే లెక్క మారడం వాకీటాకీల దగ్గరా ఇంతే. పెట్టె మీద పదహారు గంటలని రాసి ఉంటే, ఆ లెక్క వెనక తయారీదారులు మామూలుగా పాటించే ఒక షరతు ఉంటుంది. సమయంలో 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, మిగతా 90 శాతం ఊరికే ఉండటం. గంటలో మూడు నిమిషాల మాట అన్నమాట! మాటకారి చేతిలో పడితే ఆ పదహారు రాదు. దీనికి విరుద్ధంగా, సింగరేణి భూగర్భ గనుల్లో కార్మికుడి తలమీది క్యాప్ ల్యాంప్ చూడండి. ల్యాంప్ రూమ్‌లో నిండా చార్జి చేసి ఇస్తారు. షిఫ్టు అయ్యాక తిరిగి అక్కడే పెట్టేస్తారు. దీపం చేసే పని ఒక్కటే, ఖర్చు ఒక్కటే, షిఫ్టు ఒక్కటే, కాబట్టి శాతం చూసుకోవాల్సిన అవసరమే రాదు. ఫోన్ అలా కాదు. దాని ఖర్చు మన చేతివేళ్ల మీద ఉంటుంది.

పవర్ బ్యాంక్ గురించి చెప్పకపోతే ఈ అధ్యాయం అసంపూర్ణం, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. "పదివేలది కొన్నాను, నా ఫోన్ అయిదువేలు, రెండుసార్లు వస్తుంది" అంటారు. రాదు. ఆ పదివేలు లోపలి సెల్స్ వోల్టేజీ అయిన 3.7 దగ్గర చెప్పిన లెక్క. గుణిస్తే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకి పెంచి కేబుల్ ద్వారా పంపడంలో కొంత, ఫోన్ మళ్లీ తన వోల్టేజీకి దించుకోవడంలో కొంత వేడిగా పోతుంది. ఫోన్‌లోకి చేరేది 27 దరిదాపుల్లో ఉంటుంది. ఫోన్‌కి కావలసింది 5,000ని 3.85తో గుణిస్తే 19 పైచిలుకు. అంటే ఒకసారి పూర్తిగా, రెండోసారి సగం లోపు. పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని ఆరువేలకు అటూ ఇటూగా ఒక అంకె ఉంటుంది. కొనేముందు చదవాల్సింది అదే. ఫోన్ వాడుతూ వాడుతూ చార్జి పెట్టకండి. పక్కన పెట్టి, వీలైతే ఫ్లైట్ మోడ్‌లో ఉంచి నింపండి. ఆరు నెలలుగా బీరువాలో పడి ఉన్న పవర్ బ్యాంక్‌ని దీపాలు చూసి నమ్మి సంచిలో వేసుకోకండి. ముందురాత్రి నింపి, ఆ తేదీ చిన్న టేపు మీద రాసి అంటించండి.

చలికాలంలో ఇంకో సంగతి. డిసెంబరు, జనవరి నెలల్లో అరకు, షిమిలిగుడ ప్రాంతంలో వణికించే చలి ఉంటుంది. చల్లబడ్డ బ్యాటరీ తన దగ్గరున్నదంతా ఇవ్వలేదు, శాతం ఉన్నట్టుండి పడుతుంది. కిటికీ దగ్గర చేత్తో పట్టుకునే బదులు లోపలి జేబులో ఉంచితే కొంత తిరిగొస్తుంది. ఎండాకాలం మోటార్ సైకిల్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి ఎర్ర దుమ్ములో, మధ్యాహ్నపు ఎండలో తిరిగేవాళ్లకి దీనికి విరుద్ధమైన బాధ. వేడెక్కిన ఫోన్ చార్జింగ్ తీసుకోవడం మానేస్తుంది, కేబుల్ పెట్టి ఉన్నా అంకె కదలదు. దానికి మందు నీడ.

నెలకోసారి ఫోన్‌ని సున్నా దాకా దింపాలన్న మాట ఇప్పటికీ వింటుంటాం. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలపు సలహా. లిథియం బ్యాటరీకి దానివల్ల మేలు లేదు, తరచూ చేస్తే కీడే. అంకె మరీ పిచ్చిగా గెంతుతుంటే మాత్రం, ఎప్పుడో ఒకసారి పూర్తిగా దింపి పూర్తిగా నింపితే లెక్క వేసే చిప్ సర్దుకుంటుంది. బాగుపడేది లెక్క, బ్యాటరీ కాదు.

ఇరవై దగ్గర ఏం చెయ్యాలి

ఇప్పుడు కిరండూల్లో దిగేసరికి మిగులుతుందన్న ఆ 19 గురించి. దాన్ని మిగులు అనుకోవద్దు. ఫోన్ మాట నమ్మలేని చోటు అది. పాత ఫోన్‌లో 12 దగ్గరే ఆరిపోవచ్చు. అందుకని మీ లెక్కలన్నిటినీ సున్నాకి కాకుండా ఇరవైకి చెయ్యండి. నలభై ఉందంటే మీ చేతిలో ఉన్నది ఇరవయ్యే. ప్లాట్‌ఫారం మీది తల్లికి కొడుకు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు దొరుకుతుంది. జేబులో పెట్టుకుంటే కొండ దారిలో గంటకి మూడు చొప్పున ఆరేడు గంటలు, అంటే మధ్యాహ్నం కోరాపుట్ దాటేదాకా భయం లేదు. వీడియో మొదలుపెడితే రెండు గంటలు కూడా రాదు, అరకు చేరకముందే ఇరవైకి దిగుతుంది.

ఇరవైకి చేరిన క్షణం చెయ్యాల్సినవి ముందే అనుకుని ఉంచుకోవాలి. అప్పుడు ఆలోచిస్తూ కూర్చుంటే ఆ ఆలోచనకీ తెర వెలుగుతూనే ఉంటుంది. స్క్రీన్ వెలుతురు తగ్గించండి, మొబైల్ డేటా ఆపండి. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చే బావగారికో తమ్ముడికో ఒక్క మెసేజ్ పెట్టండి: "బండి ఇప్పుడు ఫలానా చోట ఉంది, చార్జింగ్ అయిపోవస్తోంది, బచేలి వచ్చాక మాత్రమే ఫోన్ తెరుస్తాను, దంతెవాడలో బండి ఆపేస్తే అక్కణ్ణుంచి చేస్తాను." ఆ తర్వాత ఫ్లైట్ మోడ్ పెట్టి జేబులో వేసుకోండి. అవతలి మనిషి గంటకోసారి "ఎక్కడున్నావు?" అని చేసే ఫోన్లు కూడా ఆ మెసేజ్‌తో ఆగుతాయి. చార్జింగ్ తినేవాటిలో అవి తక్కువేం కాదు.

టికెట్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. కాగితం లేకుండా యాప్‌లో తీసుకున్న జనరల్ టికెట్‌ని ఫోన్‌లోనే చూపించాలి. ఫోన్ ఆరిపోతే టికెట్ లేని ప్రయాణం కిందే లెక్కేస్తారు, "చార్జింగ్ అయిపోయింది సార్" అంటే టీటీఈ వినడు. ఫోన్ పాతదైతే కౌంటర్‌లో కాగితం టికెట్టే తీసుకోండి. వంద, రెండొందల నోట్లు కొన్ని విడిగా ఉంచుకోండి. దంతెవాడలో రాత్రి జీపు దొరికినా డ్రైవర్‌కి ఇవ్వడానికి చేతిలో డబ్బుండాలి కదా.

నాలుగు ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకోండి. పెట్టెలో మీ పక్కన కూర్చున్న మనిషి అడిగితే ఫోన్ ఇస్తాడు, మీ బావగారి నంబరు మాత్రం ఆయన దగ్గర ఉండదు. ఆ కాగితాన్ని ఫోన్ కవర్ వెనక దాచకండి, ఫోన్ పోతే అదీ పోతుంది. పర్సులోనో చొక్కా జేబులోనో పెట్టుకోండి. ఏడాదికోసారి తీసి చూసుకోండి, మడతల దగ్గర అంకెలు చెరిగిపోతాయి.